మీటల మేడ: ష్రూస్‌బరీ సిగ్నల్ కేబిన్

రైలుబండి పెద్ద స్టేషనును సమీపించేటప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికునికి ఒక వింత కనిపిస్తుంది. అంతవరకు ఒంటరిగా సాగివచ్చిన పట్టాలు రెండు దారులుగా, నాలుగు దారులుగా, పది దారులుగా చీలిపోతాయి. బండి మాత్రం ఏ తొట్రుపాటూ లేక ఒక దారినుండి మరొక దారికి మారుతూ తన ప్లాట్‌ఫారం చేరుకుంటుంది. దానిని త్రిప్పడానికి ఇంజను డ్రైవరు చేతిలో చుక్కాని లేదు. ఎడ్లబండి తోలేవాడు పగ్గం లాగి దారి మార్చగలడు. రైలు డ్రైవరు బండిని నడపగలడు, ఆపగలడు, అంతే. దారిని నిర్ణయించేవాడు వేరొకడు. అతడు పట్టాల ప్రక్కన ఒక మేడగదిలో ఉంటాడు. ఆ గదిని మన దేశంలో కేబిన్ అని, ఇంగ్లండులో సిగ్నల్ బాక్స్ అని, అమెరికాలో టవర్ అని పిలుస్తారు.

ఆ గదిలో పనిచేసేవాడు కూడ మనిషే. అలసిపోతాడు, మరచిపోతాడు, ఒక మీటకు బదులు మరొక మీటను పట్టుకుంటాడు. కాని అక్కడ జరిగే పొరపాటుకు వందలమంది ప్రాణాలు మూల్యమవుతాయి. మనిషి పొరపాటు చేయబోయినప్పుడు అతని చేతిని పట్టి ఆపే యంత్రం ఉండగలదా? పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలంలో ఇంజనీర్లకు ఎదురైన ప్రశ్న ఇది. దానికి వారు ఇనుముతో చెప్పిన సమాధానం ఎట్లా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో ఉన్న ఒక పాత కేబిన్ మంచి ఉదాహరణ.

నూట ఎనభై మీటలు

ష్రూస్‌బరీ పట్టణం వేల్స్ సరిహద్దు దగ్గర సెవర్న్ నది ఒడ్డున ఉన్నది. అక్కడి స్టేషనులో క్రూ, చెస్టర్, వుల్వర్‌హాంప్టన్, హెరిఫర్డ్, వేల్స్ పశ్చిమతీరం అనే అయిదు దిక్కులనుండి వచ్చే దారులు కలుస్తాయి. స్టేషనులో కొంత భాగం నదిమీదికే వ్యాపించి ఉన్నది. స్టేషనుకు ఆగ్నేయంగా, వంతెన దాటగానే, పట్టాలు త్రికోణాకారంగా చీలుతాయి. ఆ త్రికోణం మధ్య మూడంతస్తుల ఎత్తున నిలిచిన ఇటుకకట్టడమే సెవర్న్ బ్రిడ్జి జంక్షన్ కేబిన్. దీనిని 1903లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీ కట్టించింది.

పై అంతస్తుకు చుట్టూ అద్దాలే. పనిచేసేవాడు అన్ని వైపుల పట్టాలను చూడగలగాలి గనుక గదిని అంత ఎత్తున కట్టారు. లోపల ఒకే వరుసలో 180 మీటలు ఉన్నాయి. కాలక్రమాన కొన్ని పట్టాలను తొలగించడం వలన వాటిలో చాలా మీటలకు ఇప్పుడు పనిలేదు. అయినా, 2008లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరంలోని స్పెన్సర్ స్ట్రీట్ కేబిన్ మూతబడిన తరువాత, చేతితో నడిచే యాంత్రిక కేబిన్లలో ప్రపంచంలోకెల్ల పెద్దదనే పేరు దీనికి దక్కింది. కట్టి 120 ఏండ్లు దాటిన తరువాత కూడ పనిచేస్తూ వచ్చిన ఈ కట్టడాన్ని రక్షిత కట్టడాల పట్టికలో చేర్చారు.

బ్రిటిష్ కేబిన్లలో మీటలకు రంగులు వేస్తారు. బండిని ఆపే సిగ్నలుకు ఎరుపు. ముందున్న సిగ్నలు సంగతి దూరంనుండే తెలిపే హెచ్చరిక సిగ్నలుకు పసుపు. దారి మార్చే పాయింట్లకు నలుపు. ఆ పాయింట్లను బిగించే గడియకు నీలం. పనిలేని మీటకు తెలుపు. మీట పిడిని నునుపు చేసిన ఉక్కుతో చేస్తారు. చేతి చెమటకు అది త్రుప్పు పట్టకుండ గుడ్డముక్కతో పట్టుకొని లాగడం అక్కడి ఆచారం.

కేబిన్లు రాకముందు

1830 ప్రాంతంలో తొలి రైళ్లు నడిచినప్పుడు పట్టాలవెంట నిలబడిన రైల్వే పోలీసులు చేతులతోను, జెండాలతోను సైగ చేసేవారు. పాయింట్లవద్ద మరికొందరు మనుషులు ఉండి, ఎక్కడి పాయింటును అక్కడే త్రిప్పేవారు. 1841 ప్రాంతంలో చార్లెస్ హటన్ గ్రెగరీ అనే ఇంజనీరు లండన్ దగ్గర న్యూక్రాస్‌లో, స్తంభానికి చేయి అమర్చిన సెమఫోర్ సిగ్నలును నిలబెట్టాడు. చేయి అడ్డంగా ఉంటే ఆగవలెనని అర్థం. క్రమంగా సిగ్నళ్ల మీటలను ఒకచోటికి చేర్చడం మొదలయింది.

కాని మీటలు ఒకచోట చేరినంత మాత్రాన ప్రమాదం తొలగలేదు. పాయింట్లు ప్రక్కదారికి తిరిగి ఉండగా నేరుదారి సిగ్నలు దించితే ఏమవుతుంది? ఒకదానికొకటి అడ్డువచ్చే రెండు దారులకు ఒకేసారి సిగ్నళ్లు ఇస్తే ఏమవుతుంది? ఇటువంటి పొరపాట్లను ఆపే సాధనానికి 1856లో జాన్ సాక్స్‌బీ పేటెంటు పొందాడు. పాయింట్లు, సిగ్నళ్లు పరస్పరం అనుగుణంగా కదిలేటట్లు చేసే ఆ ఏర్పాటును లండన్‌లోని బ్రిక్లేయర్స్ ఆర్మ్స్ జంక్షనులో అమర్చారు. 1860లో ఆస్టిన్ చేంబర్స్ దీనిని మరొక మెట్టు ముందుకు తీసుకుపోయాడు. ఒక మీట పూర్తిగా కదిలి తన పని ముగించిన తరువాతనే మరొక మీట విడుదల కావాలనేది అతని సూత్రం. 1862లో సాక్స్‌బీ, ఫార్మర్ అనే భాగస్వామితో కలిసి ఈ యంత్రాలనే తయారుచేసే సంస్థను స్థాపించాడు. ఈ ఏర్పాటుకు ఇంటర్‌లాకింగ్ అని పేరు. తెలుగులో పరస్పర బంధనం అని చెప్పుకోవచ్చును.

ఇనుములో ఉన్న తర్కం

పరస్పర బంధనాన్ని అర్థం చేసుకోవడానికి మూడే మీటలున్న చిన్న జంక్షనును ఊహించుకుంటే చాలు. 1వ మీట నేరుదారి సిగ్నలుది. 2వ మీట ప్రక్కదారి సిగ్నలుది. 3వ మీట పాయింట్లది. ప్రతి మీటకు లాగిన స్థితి, లాగని స్థితి అని రెండే స్థితులు. కనుక మూడు మీటలకు 2×2×2, అనగా 8 అమరికలు సాధ్యం. వీటిలో ఎన్ని క్షేమకరమైనవి?

3వ మీట లాగనప్పుడు పాయింట్లు నేరుదారికి ఉంటాయి. అప్పుడు 2వ మీటను లాగకూడదు. 1వ మీటను లాగవచ్చు, మానవచ్చు. ఇవి రెండు అమరికలు. 3వ మీట లాగినప్పుడు పాయింట్లు ప్రక్కదారికి ఉంటాయి. అప్పుడు 1వ మీటను లాగకూడదు; 2వ మీటను లాగవచ్చు, మానవచ్చు. ఇవి మరి రెండు. మొత్తం ఎనిమిదింటిలో నాలుగే క్షేమం. మిగిలిన నాలుగు అమరికలు యంత్రంలో అసలు ఏర్పడకుండ చేయడమే పరస్పర బంధనం.

మూడు మీటలకే ఎనిమిది అమరికలయితే 180 మీటలకు ఎన్ని? రెండును నూట ఎనభైసార్లు వేసి గుణించాలి. ఆ లబ్ధంలో 55 అంకెలు ఉంటాయి. ఏది మంచిదో, ఏది చెడ్డదో అన్నింటినీ గుర్తుంచుకొని పనిచేయడం ఏ మనిషికీ సాధ్యం కాదు. ఆ జ్ఞాపకశక్తిని మీటల క్రింది అంతస్తులో ఉన్న ఇనుపముక్కలకు అప్పగించారు.

ఆ ముక్కలు పనిచేసే తీరు చాల సులభం. ఎక్కువ వాడుకలోకి వచ్చిన ఒక పద్ధతిలో ప్రతి మీటకు ఒక ఇనుపపలక తగిలించి ఉంటుంది. మీటతోపాటు పలక ముందుకు, వెనుకకు జరుగుతుంది. పలక అంచున అక్కడక్కడ ఏటవాలు గంట్లు ఉంటాయి. రెండు పలకల మధ్య, కొనలు కోసుగా చెక్కిన ఇనుపముక్క అడ్డంగా జరుగుతుంది. దాని పొడవు పలకల మధ్య ఎడంకంటే సరిగ్గా ఒక గంటు లోతుమేరకు ఎక్కువ. అందువలన అది ఎప్పుడూ ఏదో ఒక పలక గంటులో దూరి ఉండక తప్పదు. మొదటి పలకను జరిపితే దాని గంటు ఏటవాలు అంచు ముక్కను రెండవ పలక గంటులోకి నెట్టివేస్తుంది. ఇక రెండవ పలక కదలదు. మొదటి పలక తన చోటికి తిరిగి వస్తేనే ముక్కకు వెనుకకు జరిగే వీలు కలుగుతుంది. విద్యుత్తు లేదు, స్ప్రింగు లేదు. ఉన్నది పొడవుల లెక్క మాత్రమే.

దీనిని తరగతి గదిలో అట్టతో చేసి చూపవచ్చును. 3 సెంటీమీటర్ల ఎడంతో రెండు అట్టపట్టీలను సమాంతరంగా ఉంచి, నిలువున మాత్రమే జరిగేటట్లు వాటి బయటి అంచులవెంట అట్టముక్కలు అంటించాలి. ఎదురెదురు అంచులలో ఒకే ఎత్తున 1 సెంటీమీటరు లోతుగల గంట్లు కత్తిరించాలి. మధ్యలో 4 సెంటీమీటర్ల పొడవుగల కోసు ముక్కను అడ్డంగా మాత్రమే కదిలేటట్లు అమర్చాలి. విద్యార్థి రెండు పట్టీలను ఒకేసారి లాగబోతే అవి కదలవు. ఒకదానిని లాగితే రెండవది బిగుసుకుపోతుంది. నూట ఎనభై మీటల కేబిన్ రహస్యమంతా ఆ అట్టముక్కలో ఉన్నది.

ఎండకు సాగే కడ్డీ

మీట లాగగానే కదలవలసిన పాయింట్లు కొన్నిసార్లు రెండు మూడువందల మీటర్ల దూరాన ఉంటాయి. సిగ్నలును తీగతో లాగితే సరిపోతుంది. బరువువలన చేయి తనంతట తానే మొదటి స్థితికి వస్తుంది. పాయింట్లను మాత్రం లాగాలి, నెట్టాలి కూడ. తీగతో నెట్టడం కుదరదు గనుక చక్రాలమీద జరిగే ఉక్కుకడ్డీని వాడతారు. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డువస్తుంది.

ఒక డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే ఉక్కు మీటరుకు 0.000012 మీటరు సాగుతుంది. 300 మీటర్ల కడ్డీకి తెల్లవారుజామునుండి మధ్యాహ్నంలోపల 30 డిగ్రీల వేడి పెరిగిందనుకొంటే, 300×30×0.000012 = 0.108 మీటరు, అనగా దాదాపు 11 సెంటీమీటర్లు సాగుతుంది. పాయింటు పట్టా ఒక స్థితినుండి మరొక స్థితికి జరిగేది కూడ సుమారు అంతే దూరం. మీటను ఎవరూ ముట్టుకోకపోయినా ఎండే దారి మార్చివేయగలదన్నమాట!

దీనికి కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటైనది. కడ్డీని సగానికి కోసి, నడుమ మేకుమీద తిరిగే ఒక రెండుచేతుల తులాదండాన్ని నిలువుగా ఉంచుతారు. కేబిన్‌నుండి వచ్చే సగం దాని పైచేతికి, పాయింట్లవైపు పోయే సగం క్రిందిచేతికి తగిలిస్తారు. వేడికి మొదటి సగం సాగి పైచేతిని ముందుకు నెడుతుంది. అప్పుడు క్రిందిచేయి వెనుకకు వస్తుంది. సరిగ్గా ఆ వేళకే రెండవ సగం కూడ సాగి తన కొనను వెనుకకు జరపవలసి ఉంటుంది. ఆ జరగవలసిన చోటును తులాదండమే ఇస్తుంది. రెండు సాగుదలలు ఒకదానితో ఒకటి సరిపోయి పాయింట్ల దగ్గర ఏ మార్పూ ఉండదు. ఈ ఏర్పాటు ఉన్నా, రాపిడివలన మనిషి బలం చాలదు గనుక ఇంగ్లండులో చేతితో నడిచే పాయింట్లకు 1925 తరువాత 350 గజాల దూరాన్ని హద్దుగా ఉంచారు.

చక్రాల క్రింద

మరొక చిక్కు ఉన్నది. బండి పాయింట్లమీద ఉండగానే ఎవరైనా మీట లాగితే ముందు పెట్టెలు ఒక దారినా, వెనుక పెట్టెలు మరొక దారినా పోతాయి. దీనిని ఆపడానికి పాయింట్లకు గడియ పెట్టి, ఆ గడియతోపాటు పట్టా లోపలి అంచునానుకొని సుమారు 12 మీటర్ల పొడవున ఒక కమ్మీని అమర్చారు. గడియ తీయాలంటే ఈ కమ్మీ ముందుగా పైకి లేచి మళ్లీ దిగాలి. చక్రపు అంచు దానిపైన ఉన్నంతసేపు అది లేవదు. కమ్మీ పొడవు రెండు చక్రాల మధ్య ఉండే అత్యధిక దూరంకంటే ఎక్కువ గనుక బండి పోతున్నంతసేపు ఏదో ఒక చక్రం దానిమీద ఉండనే ఉంటుంది. బండి తన బరువుతో తన దారిని తానే కాపాడుకుంటున్నదన్నమాట.

అందువలన ఒక్క బండిని రానివ్వడానికి కనీసం మూడు పనులు వరుసగా జరగాలి. మొదట నల్లమీటతో పాయింట్లు, తరువాత నీలిమీటతో గడియ, చివరకు ఎర్రమీటతో సిగ్నలు. తిరిగి వేసేటప్పుడు వరుస తలక్రిందులవుతుంది. ఈ వరుసను తప్పడానికి యంత్రం ఒప్పుకోదు.

ప్రాణాలు నేర్పిన పాఠాలు

ఈ నియమాలలో ప్రతిదానివెనుక ఒక విషాదం ఉన్నది. 1876 జనవరి 21న ఇంగ్లండులోని అబట్స్ రిప్టన్ వద్ద మంచు గట్టిపడి సిగ్నలు చేయి దించిన స్థితిలోనే అతుక్కుపోయింది. కేబిన్‌లోనివాడు మీటను వెనుకకు వేసినా చేయి లేవలేదు. దారి ఉన్నదనుకొని బండి వచ్చి గుద్దుకోగా 13 మంది మరణించారు. ఆనాడు సిగ్నలు మామూలుగా దించే ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే ఎత్తేవారు. ఆ తరువాత పద్ధతి మారింది. సిగ్నలు మామూలుగా ఆపే స్థితిలోనే ఉండాలి, దారి సిద్ధమైనదని తేలిన తరువాతనే దించాలి అన్నారు.

1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర, పిల్లలు ఎక్కువగా ఉన్న విహారయాత్ర బండి నుండి విడదీసిన పెట్టెలు వాలున వెనుకకు జారి వెనుకబండిని ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి మూడు సంగతులను ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి చేసింది. ఒక భాగంలో ఒకే బండి ఉండాలి. పాయింట్లకు, సిగ్నళ్లకు పరస్పర బంధనం ఉండాలి. అన్ని పెట్టెలకూ వ్యాపించే, విడిపోతే తనంతట తానే పడే బ్రేకు ఉండాలి. ష్రూస్‌బరీ కేబిన్ ఈ చట్టం తరువాత పుట్టిన తరానిది.

ఒక భాగంలో ఒకే బండి ఉండేటట్లు చూడడానికి పొరుగు కేబిన్లు గంటలతో మాట్లాడుకుంటాయి. ఒక గంట కొడితే 'వింటున్నావా' అని. నాలుగు కొడితే 'ఎక్స్‌ప్రెస్ వస్తున్నది, దారి ఉన్నదా' అని. అవతలివాడు అవే నాలుగు తిరిగి కొడితే ఉన్నదని అర్థం. రెండు కొడితే బండి బయలుదేరినదని. రెండు కొట్టి, ఆగి, మరొకటి కొడితే బండి క్షేమంగా దాటిపోయినదని. మాటలకు తావులేని ఈ భాషలో అపార్థానికీ తావు తక్కువ.

మీటలకు తెలియనిది

ఇంత చేసినా యంత్రానికి తెలియనివి కొన్ని మిగిలాయి. 1907 అక్టోబరు 15న ష్రూస్‌బరీ స్టేషనుకు ఉత్తరపు కొసన, గంటకు 10 మైళ్ల వేగమే అనుమతించిన మలుపులోకి ఒక రాత్రి మెయిలు సుమారు 60 మైళ్ల వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. 18 మంది మరణించారు. మీట దారిని చూపగలదు కాని డ్రైవరుచేత బ్రేకు వేయించలేదు.

1915 మే 22న స్కాట్లండులోని క్వింటిన్స్‌హిల్ వద్ద జరిగినది ఇంకా ఘోరం. కేబిన్ ముందరి ముఖ్యమైన దారిలో ఒక లోకల్ బండి ఆగి ఉన్నది. డ్యూటీ మారడానికి వచ్చిన కేబిన్ ఉద్యోగి దిగినది ఆ బండిలోనుండే. అయినా కొద్ది నిమిషాలలో దాని సంగతి మరచిపోయి, సైనికుల బండికి అదే దారిలో సిగ్నలు ఇచ్చాడు. అటువంటప్పుడు మీటకు గుర్తుగా తగిలించవలసిన కడియాన్ని తగిలించనే లేదు. ఢీకొన్న బండ్లమీదికి మరొక ఎక్స్‌ప్రెస్ వచ్చిపడింది, మంటలు లేచాయి. 200 మందికి పైగా మరణించారు. పరస్పర బంధనం అక్కడ తప్పు చేయలేదు. పాయింట్లు, సిగ్నళ్లు సరిగానే కుదిరాయి. పట్టాలమీద బండి ఉన్నదనే సంగతి మాత్రం ఇనుపపలకలకు తెలియదు.

ఆ సంగతి తెలిపే సాధనం అప్పటికే ఉన్నది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ అది. ఒక భాగపు పట్టాలను మిగిలినవాటినుండి విద్యుత్ బంధకంతో వేరుచేసి, ఒక కొసన బ్యాటరీ, రెండవ కొసన రిలే కలుపుతారు. విద్యుత్తు ఒక పట్టాలో పోయి రెండవ పట్టాలో తిరిగి వస్తున్నంతసేపు రిలే ఎత్తుకొని ఉంటుంది. బండి రాగానే చక్రాల ఇరుసు రెండు పట్టాలను కలిపివేస్తుంది. విద్యుత్తు దగ్గరిదారి పట్టుకోగా రిలే పడిపోతుంది, సిగ్నలు మీటకు తాళం పడుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే పడిపోయేదే. అంటే పరికరం చెడితే బండ్లు ఆగుతాయి కాని ఢీకొనవు. చెడిపోయినప్పుడు కూడ క్షేమంవైపే ఒరగాలనే ఈ సూత్రమే సిగ్నల్ శాస్త్రానికి పునాది.

మేడ దిగిన తాళం

మన స్టేషన్ల రెండు కొసలా మేడమెట్లతో కనిపించిన కేబిన్లు ఇప్పుడు చాలచోట్ల ఖాళీ అయినాయి. మీటల స్థానంలో రిలేలు, వాటి స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. ఈ విద్యను నేర్పడానికి సికింద్రాబాదులో 1957లో స్థాపించిన సంస్థలో దేశమంతటినుండి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు వచ్చి శిక్షణ పొందుతారు. రూపం మారినా తర్కం మారలేదు. మూడు మీటల లెక్కలో చూసిన 'ఇది జరిగితేనే అది' అనే నియమమే నేటి కంప్యూటరులోనూ ఉన్నది.

అయితే తాళం ఎంత గట్టిదైనా దానికి అందే సమాచారం నిజమైనదై ఉండాలి. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషనులో, కోస్తా ఆంధ్రంమీదుగా చెన్నై పోవలసిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు నేరుదారి సిగ్నలు ఆకుపచ్చగా వెలిగింది. పాయింట్లు మాత్రం గూడ్సుబండి నిలిచి ఉన్న ప్రక్కదారికి తిరిగి ఉన్నాయి. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ తీగలను తప్పుగా కలపడమే కారణమని విచారణలో తేలింది. పాయింట్లు ఎటు ఉన్నదీ తాళానికి తప్పుగా చేరింది. మూడు మీటల జంక్షనులో 'ఏర్పడకూడదు' అని కొట్టివేసిన అమరిక సరిగ్గా అదే.

ష్రూస్‌బరీ కేబిన్ క్రింది అంతస్తులో ఏ పలక ఏ ముక్కను నెడుతున్నదో కంటితో చూడవచ్చును. నేటి యంత్రంలో ఆ పలకలు కనిపించవు. కనిపించని తాళాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. మరమ్మతు చేసినవాడే సరిచూచుకొని ఊరుకొనక మరొకచేత సరిచూపించాలి, పరీక్ష ముగిసేవరకు బండిని రానివ్వకూడదు. పాత మేడ చెప్పే పాఠం ఇది. మనిషి పొరపాటును యంత్రం పట్టుకుంటుంది; యంత్రం పొరపాటును పట్టుకోవలసినవాడు మళ్లీ మనిషే.